జాతీయ వేషధారణలో మన నేత ఏదీ?

సంపాదకుడు గారికి,
నమస్కారం.

మిస్ యూనివర్స్ పోటీలు వచ్చాయంటే, ఒక్కో అమ్మాయి తన దేశాన్ని చాటే దుస్తుల్లో వచ్చే జాతీయ వేషధారణ రౌండ్ ఫొటోలు మీ పత్రికతో సహా అన్నిచోట్లా కనిపిస్తాయి. వాటిలో మన దేశం తరఫున వెళ్లిన అమ్మాయిని చూసినప్పుడల్లా నాకు బాధేస్తోంది. ఆ అమ్మాయిని తప్పుపట్టడం లేదు. ఆమెకు తొడిగే సరంజామా గురించే నా బాధంతా. వీపుకు చట్రం, చట్రం మీద రెక్కలు, నెత్తిన గోపురమంత కిరీటం. మనవాళ్లు నేసిన బట్ట వాటి మాటున ఎక్కడో ఉంటుంది.

నేను మైలాపూరులో కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలకు డాన్స్ డ్రెస్సులు కుడతాను. కాబట్టి ఆడంబరమంటే గిట్టక రాస్తున్నానని అనుకోకండి. అరంగేట్రం డ్రెస్సును మించిన ఆడంబరం ఏముంటుంది? కానీ అందులో ప్రతి కుట్టూ ఒంటి కదలికను బట్టే పడుతుంది. పిల్లను అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, ఉంచి కొలతలు తీసుకుంటాం. పట్టుచీర అంచు ముక్క కూడా వృథా కాకుండా, విసనకర్ర మడతల చివరికి వచ్చేలా చూసుకుని కత్తెర వేస్తాం. మోకాళ్లు విడిస్తే మడతలు విచ్చుకోవాలి, నిలబడితే వాటంతటవే మూసుకోవాలి. అలా రాలేదంటే విప్పి మళ్లీ కుట్టాల్సిందే. ఈ పనిలో ఉన్నదాన్ని కనుక, పక్కన మనిషి లేనిదే తలుపు దాటలేని వేషాన్ని దుస్తులనడానికి నాకు మనసొప్పదు.

2023 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పోటీలో మంగళూరు అమ్మాయి దివితా రాయ్ 'బంగారు పిట్ట' వేషంలో వచ్చింది. ఒకప్పుడు దేశానికున్న పేరును గుర్తుచేసే ఆలోచన మంచిదే. ఆ దుస్తుల్లో మధ్యప్రదేశ్‌లోని చందేరీ ఊరి నేత కూడా వాడారని అప్పట్లో చెప్పారు. కానీ ఫొటో చూసినవాళ్లలో ఎంతమందికి చందేరీ కనబడి ఉంటుంది? అందరి చూపూ రెక్కల మీదే పడింది.

ఈకలు, రెక్కలు తప్పని నేననడం లేదు. బ్రెజిల్, ట్రినిడాడ్ వాళ్లకు కార్నివాల్ అంటే ఊరంతా కలిసి చేసుకునే పండగ. ఆ ఈకల వేషాలు ఆ పండగవే. 2015లో థాయ్‌లాండ్ అమ్మాయి మన ఆటోలాంటి టుక్‌టుక్ బండి ఆకారంలో, హెడ్‌లైట్లు వెలిగే డ్రెస్సుతో వచ్చి బహుమతి కొట్టింది. ఆ బండి బ్యాంకాక్ వీధుల్లో రోజూ తిరిగేదే. 2018లో ఫిలిప్పీన్స్ అమ్మాయి వీపున మోసుకొచ్చింది క్రిస్మస్‌కు అక్కడ ఇంటింటా వేలాడదీసే పరోల్ దీపం. ఎవరి సరుకు వాళ్లు తెచ్చుకున్నారు. మరి మన సరుకు ఏది?

నా దగ్గరికి వచ్చే తల్లులతో ఈ మాటంటే, 'ఉత్త చీర కట్టుకుని వెళ్తే అక్కడ ఎవరు చూస్తారక్కా, గెలవాలి కదా' అంటారు. 2021లో మయన్మార్ అమ్మాయి థుజార్ వింట్ ల్విన్ సంగతి చూడండి. ఆమె వేసుకోవాల్సిన కాస్ట్యూమ్ దారిలో పోయింది. పోటీ జరిగిన అమెరికాలో ఉంటున్న, మయన్మార్‌కే చెందిన చిన్ జాతివాళ్ల సాయంతో ఆ జాతి సంప్రదాయ దుస్తులే వేసుకుని, తన దేశం కోసం ప్రార్థించమని రాసిన అట్ట పట్టుకుని నడిచింది. జాతీయ వేషధారణలో ఆ ఏడు మొదటి బహుమతి ఆమెకే ఇచ్చారు.

మన చెన్నైవాళ్లకు ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. కరేబియన్ దీవుల్లో సెయింట్ లూసియా, డొమినికా దేశాల ఆడవాళ్ల జాతీయ దుస్తులు మద్రాసు గళ్ల బట్టతోనే కుడతారు. తలగుడ్డ కూడా అదే. పేరు కూడా మన ఊరి పేరే, మద్రాస్. మన చీరాల మగ్గాల మీద నేసి, ఇక్కడి రేవులో ఓడలెక్కించిన గళ్ల గుడ్డలు నైజీరియాలో పండగ బట్టలయ్యాయి. అక్కడి కలబరి తెగ ఆడవాళ్లు ఆ బట్టలో కొన్ని పోగులు మాత్రం కోసి లాగేసి కొత్త డిజైన్ తీసి కట్టుకుంటారు. మన నేత ఇంకో దేశానికి జాతీయ దుస్తులైంది. అదే నేతను మనం మాత్రం రెక్కల కింద దాచి పంపుతున్నాం.

ఇక్కడికి రెండు గంటల దూరంలో కాంచీపురం ఉంది. అక్కడి పిళ్లైయార్‌పాళయం వీధుల్లో కోర్వై, అంటే బాడీకి వేరే రంగు అంచును మగ్గం మీదే కలిపి నేసే పద్ధతిలో, నేసేవాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. చీర బాడీ ఒక రంగు, అంచు ఇంకో రంగు. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి నాడె (అడ్డపోగును మోసుకెళ్లేది) విసిరితే, పక్కనున్న మనిషి అంచు నాడె అందుకుని తిప్పి పంపాలి. ఒక్కో పోగు దగ్గరా బాడీ పేక (అడ్డపోగు), అంచు పేక ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటాయి. అందుకే చీర పాతబడ్డా అంచు ఊడిరాదు. అంచు విడిగా నేసి అతికించారనుకుంటారు చాలామంది. చూపుడు వేలు పెట్టి రుద్దితే అతుకు తగలదు. ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరికీ కూలి గిట్టాలి. అందుకే కోర్వై నేసేవాళ్లు తగ్గిపోతున్నారు. ప్రపంచమంతా చూసే స్టేజీ మీద ఒక్కసారి ఆ చీర పేరు, ఆ వీధి పేరు వినిపిస్తే వాళ్లకు ఎంత బలం!

చీరంటే ఒకటే కట్టు కూడా కాదు. తొమ్మిది గజాల మడిసార్, మన గోచీ కట్టు, కుచ్చిళ్లు వెనక్కి పోసే కొడగు కట్టు... డిజైనర్‌కు పని చేయడానికి ఎంత చోటుందో!

1952లో మొట్టమొదటి మిస్ యూనివర్స్ పోటీకి మన దేశం నుంచి వెళ్లిన నర్తకి ఇంద్రాణి రెహమాన్ ఈ మద్రాసులోనే పుట్టారు. తొలి జాతీయ చేనేత దినోత్సవం 2015 ఆగస్టు 7న ఇక్కడి మద్రాసు యూనివర్సిటీ శతాబ్ది హాల్లోనే జరిగింది. చేనేత మీద ఆధారపడినవాళ్లు దేశంలో 35 లక్షల మంది, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆడవాళ్ల పోటీలో ఆడవాళ్ల నేత కనబడాలని కోరడం పెద్ద కోరికేం కాదు.

మన అమ్మాయిలను ఎంపిక చేసి పంపే సంస్థలు జాతీయ వేషధారణకు చేతిమగ్గం బట్టే వాడాలని నియమం పెట్టుకోవాలి. ఏడాదికొక రాష్ట్రం నేత తీసుకోవచ్చు. ఒక ఏడు కంచి, ఒక ఏడు వెంకటగిరి, ఒక ఏడు మొళకాల్మూరు. మగ్గాలను, మనుషులను చూపించే పని తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంస్థలు కో-ఆప్టెక్స్, ఆప్కో తీసుకోవాలి. పోటీకి పంపే సంస్థలు పిలిచేదాకా ఆగకుండా ముందే వెళ్లి అడగాలి. డ్రెస్సుతో పాటు డిజైనర్ పేరు ప్రకటించినట్టే నేసినవాళ్ల పేరు, ఊరు కూడా ప్రకటించాలి.

మీకూ ఒక మనవి. ఈసారి ఆ ఫొటో వేసేటప్పుడు బట్ట ఎక్కడ నేశారో, ఎవరు నేశారో నిర్వాహకులను అడిగి ఫొటో కింద రాయండి. వాళ్లు చెప్పకపోతే చెప్పలేదనే రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మైలాపూరు, చెన్నై