వాన రాత్రుల్లో ఘాట్ రోడ్లను కప్పలకు వదలండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే పత్రికల్లో ఘాట్ రోడ్ల అందాల మీద కథనాలు వస్తాయి. అలాంటిదొకటి చదివే గత వర్షాకాలంలో మేం బెంగళూరు నుంచి తమిళనాడులోని వాల్పారైకి కారులో వెళ్లాం. కొండ కింది ఆళియారు దాటి ఘాట్ రోడ్డులోని 40 మలుపులూ ఎక్కేసరికి చీకటి పడింది, వాన పట్టుకుంది. టీ తోటల నడుమ మిగిలిన వర్షారణ్యంలోకి రాగానే హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డంతా ఎండుటాకులు. వాటిలో ఒకటి కదిలింది.

కారు ఆపి దిగాను. పిడికిట్లో పట్టేంత కప్ప. అచ్చం రాలిన ఆకు రంగు, ఒళ్లంతా బొడిపెలు, తల మీద గట్లలా లేచిన ఎముక. వెలుగు పడినా పారిపోలేదు, గొంతు కింద చర్మం మాత్రం టకటకా కొట్టుకుంటోంది. రెండడుగుల అవతల మరొకటి నలిగి రోడ్డుకు అంటుకుపోయి ఉంది. అక్కడిదాకా మా కారు ఎన్నింటిని తొక్కిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బసలో గైడు ఆ కప్ప శాస్త్రీయ నామం చెప్పారు: దత్తాఫ్రైనస్ పరైటాలిస్. పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ఆ పేరులోని దత్తా మన పొరుగున ఉన్న ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా. పగలు ఆకుల అడుగున తేమలో దాక్కునే ఈ జీవి రాత్రి చీమలకూ పురుగులకూ బయటికొస్తుంది, వానలకు గుడ్లు పెట్టేందుకు నీళ్లు వెతుక్కుంటూ వెళ్తుంది. పొలం కప్పలా ఒక్క గెంతులో రోడ్డు దాటలేదు. ఆపద అనిపిస్తే కదలకుండా కూర్చుంటుంది. కళ్ల వెనుక ఉన్న విషగ్రంథుల వల్ల దాన్ని నోట కరిచిన జంతువు వదిలేయవచ్చు, టైరు వదలదు.

నల్లమలలో పులుల కోసం శ్రీశైలం రహదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు దగ్గర మూస్తే మనం సర్దుకున్నాం. కర్ణాటకలోని బందీపుర్ అడవి రోడ్ల మీద 2009 నుంచి రాత్రి ఆంక్షలున్నాయి. వర్షారణ్యపు రోడ్ల మీద వాన రాత్రుల్లో కనీసం విహారయాత్రల వాహనాలనైనా ఆపాలని తమిళనాడు, కేరళ, కర్ణాటక అటవీశాఖలను కోరుతున్నాను. అక్కడ బతికేవాళ్ల బస్సులనూ అంబులెన్సులనూ ఆపమనడం లేదు, సరదాకు వెళ్లే మాలాంటివాళ్లను ఆపమంటున్నాను.

మీకూ ఒక విన్నపం. ఈసారి అలాంటి కథనం వేసినప్పుడు 'చీకటి పడేలోగా బస చేరండి' అన్న ఒక్క వాక్యం చేర్చండి. మేం చదివినదాంట్లో ఆ మాట ఉండి ఉంటే ఆ రోజు తెల్లవారుజామునే బయలుదేరేవాళ్లం.

– ఒక పాఠకురాలు, బెంగళూరు