పోయిందని కాదు, లాక్కెళ్ళారని రాయించండి

తెలంగాణ రాష్ట్ర డీజీపీ గారికి,

నమస్కారం.

మా వీధుల్లో గొలుసులు, ఫోన్లు లాక్కెళ్ళడం గురించి, స్టేషన్లలో దాన్ని రాసుకుంటున్న తీరు గురించి మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. కాలనీ పేరు, స్టేషన్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఎవరో ఒక ఎస్ఐ గారికి మెమో అందుతుంది, మా వీధుల్లో వారం రోజులు పెట్రోలింగ్ బండి తిరుగుతుంది, ఆ తర్వాత అంతా మామూలే. హైదరాబాద్ తూర్పు వైపు ఇలాంటి కాలనీలు వరసగా ఉన్నాయి. మీరు వాటిలో దేన్ని అనుకున్నా పెద్ద తేడా ఏమీ ఉండదు.

కమిషనర్ గారిని దాటి మీకే రాయడానికి కారణం ఉంది. మా వీధిలో గొలుసు తెంపినవాడు పది నిమిషాల్లో ఇంకో కమిషనరేట్‌లో ఉంటాడు. 2023 జనవరి మొదట్లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఉప్పల్ దగ్గర ఉదయాన్నే మొదలుపెట్టి, నాచారం, ఉస్మానియా యూనివర్సిటీ మీదుగా సికింద్రాబాద్ వైపు వెళ్తూ, కొద్ది గంటల్లోనే వరసగా గొలుసులు తెంపుకుపోయారు. వాళ్ళకు కమిషనరేట్ హద్దులు అడ్డం రాలేదు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళిన మాకు మాత్రం ప్రతిసారీ అడ్డం వస్తున్నాయి. రోడ్డుకు ఇటు పక్క జరిగిందా, అటు పక్క జరిగిందా అన్నది తేలేసరికి బండి ఎక్కడిదాకా పోయి ఉంటుందో మాకంటే మీకే బాగా తెలుసు.

ఇక్కడ జరుగుతున్నది క్లుప్తంగా చెప్తాను. ఉదయం వాకిలి ఊడ్చే వేళ, సాయంత్రం గుడి నుంచి తిరిగొచ్చే వేళ, రాత్రి చివరి బస్సు దిగే వేళ. ఇద్దరు వస్తారు, ఒకడు బండి నడుపుతాడు, వెనక కూర్చున్నవాడు లాగుతాడు. నంబర్ ప్లేట్ పైకి వంచి ఉంటుంది, లేదా మట్టి పూసి ఉంటుంది. ఒక్కోసారి ఫలానా వాళ్ళ ఇల్లెక్కడని అడిగి, చెప్తుండగానే చెయ్యి వేస్తారు. తులం బంగారం 2025లో లక్ష రూపాయలు దాటాక మా కాలనీలో ఆడవాళ్ళు చాలామంది పుస్తెలు పసుపుతాడుకు మార్చుకుని, గొలుసు బీరువాలో పెట్టేశారు. అప్పటి నుంచి దొంగల చూపు ఫోన్ల మీదికి మళ్ళింది.

ఫోన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్టేషన్‌లో దీన్ని చిన్న విషయంగా చూస్తున్నారు. మాట్లాడుతుండగా లాక్కున్న ఫోన్‌కు లాక్ పడి ఉండదు. ఓటీపీ వచ్చేది అందులోకే. కాసేపట్లో బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయమంటారు. మంచి సలహాయే, కానీ చేయడానికి చేతిలో ఫోన్ ఉండాలి కదా! తెలియని మనిషికి రోడ్డు మీద ఫోన్ అందించడానికి ఇప్పుడు ఎవరూ సాహసించడం లేదు, వాళ్ళనీ తప్పుపట్టలేం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫోన్ లాక్కెళ్ళారని స్టేషన్‌కు వెళ్ళిన మనిషికి అక్కడ ఒక తెల్లకాగితం ఇస్తారు. "ఎక్కడో పడిపోయిందని రాసివ్వండి, పోర్టల్‌లో ఎక్కిస్తాం, దొరికితే ఫోన్ చేస్తాం" అంటారు. గద్దించి కాదు, మర్యాదగానే, మనకు మేలు చేస్తున్నట్టే చెప్తారు. కేసు అయితే కోర్టుకు తిరగాల్సి వస్తుంది అమ్మా అని కూడా అంటారు. ఆఫీసుకు టైమవుతున్న మనిషి రాసిచ్చేసి బయటపడతాడు. ఆ సంతకంతో ఒక నేరం మాయమైపోతుంది. ఫోన్ ఒక్కటే మిగులుతుంది, అదీ కనిపించకుండా పోయిన ఫోన్‌గా.

ఆ పోర్టల్‌ను, అంటే పోయిన ఫోన్లను వెతికే కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్‌ను, నేను తక్కువ చేయడం లేదు. 2023లో మన రాష్ట్రానికి వచ్చినప్పటి నుంచి, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరుతో ఫోన్లు వెతికి తిరిగి ఇప్పించడంలో తెలంగాణ పోలీసులు ముందున్నారు. మా కాలనీలో కూడా ఫోన్ తిరిగి అందుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ ఆ పోర్టల్‌కు పారేసుకున్న ఫోన్ అయినా ఒకటే, లాక్కెళ్ళిన ఫోన్ అయినా ఒకటే. అది వస్తువును వెతుకుతుంది, మనిషిని కాదు. ఎవరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడి దగ్గర ఫోన్ దొరుకుతుంది, వాడు తెచ్చి ఇస్తాడు, ఫోటో దిగుతారు. వాడికి అమ్మినవాడెవరు, ఆ అమ్మినవాడికి తెచ్చిచ్చిన ఇద్దరెవరు అన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. కేసే లేనప్పుడు ఎవరు అడుగుతారు?

మెడ మీద గీత పడి, స్కూటీ మీద నుంచి పడి తుంటి విరిగిన సందర్భాల్లో ఎఫ్ఐఆర్ అవుతుంది, కాదనను. అయితే ఏ సెక్షన్ కింద? 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 304 సెక్షన్ స్నాచింగ్‌ను, అంటే లాక్కెళ్ళడాన్ని, దేశమంతటికీ వర్తించేలా మొదటిసారి విడిగా నేరంగా చెప్పింది. మంచిదే. కానీ శిక్ష గరిష్ఠంగా మూడేళ్ళు, మామూలు దొంగతనానికి 303 కింద ఉన్నంతే. అదే దొంగతనం చేస్తూ మనిషిని గాయపరిస్తే, లేదా ఇప్పుడే దెబ్బ తగులుతుందన్న భయం పెడితే, 309 ప్రకారం అది దోపిడీ. గాయం చేసిన దోపిడీకి పదేళ్ళ దాకా కఠిన జైలు, లేదా యావజ్జీవం ఉంది. మెడలో నుంచి గొలుసు తెంపుతూ ఒక పెద్దావిడను రోడ్డు మీద ఈడ్చిన కేసు ఎందుకు 304తో ఆగిపోతుందో నాకు అర్థం కాదు. చట్టం చదువుకున్న వాళ్ళు మా సంఘంలో ఇద్దరున్నారు, వాళ్ళకూ అర్థం కాలేదు.

లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే స్పష్టంగా చెప్పింది, కేసు కట్టదగిన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరి అని. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షన్ ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాయాల్సిందే, కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. 193 సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి. మా కాలనీలో ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో ఉన్నవాళ్ళను అడిగి చూశాను, తొంభై రోజుల కబురు ఒక్కరికీ అందలేదు. అదే 173లో ఇంకో వెసులుబాటు ఉంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాల్లో పై అధికారి అనుమతితో ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు, పద్నాలుగు రోజుల్లోగా. స్నాచింగ్ సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది. ఈ పద్నాలుగు రోజులు ఎక్కడ ఎలా వాడుతున్నారో మీరు ఒకసారి తెప్పించుకుని చూడండి సార్.

జనం ఏం చేస్తున్నారని మీరు అడగవచ్చు. చాలానే చేస్తున్నాం, కొన్ని చేయకూడనివి కూడా జరుగుతున్నాయి.

కెమెరాలు పెట్టుకున్నాం. జనం చందాలతో కెమెరాలు పెట్టించే పోలీసుల "నేను సైతం" కార్యక్రమం కింద ఇంటింటికీ చందా వేసి, వీధి మూలల్లో బిగించాం. ప్రారంభోత్సవానికి అధికారులు వచ్చారు, రిబ్బన్ కట్ చేశారు. ఇప్పుడు వాటిలో కొన్ని పనిచేయవు. కోతులు వైర్లు లాగేశాయి, వానకు డబ్బాలో నీళ్ళు చేరాయి, హార్డ్ డిస్క్ నిండిపోయింది. మరమ్మతు ఎవరు చేయించాలన్నది ఇప్పటికీ తేలలేదు. పనిచేసేవి కూడా హెల్మెట్‌ను చూపిస్తాయి, మొహాన్ని కాదు. 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం నూరుమంది గుమిగూడే చోట్లన్నిటా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 30 రోజులు దాచాలని చెప్తుంది. షాపుల వాళ్ళు కెమెరాలు పెట్టారు, దాచడం మాత్రం వాళ్ళ ఇష్టం. ఫిర్యాదు రాసుకోవడానికే వారం పడితే ఆ రికార్డింగ్ ఏమైపోతుందో చెప్పనక్కర్లేదు.

వీధులకు గేట్లు పెట్టారు. రాత్రి పది తర్వాత తాళం. ఇది నాకు నచ్చదు, మీటింగులోనూ అదే చెప్పాను. రోడ్డు అందరిదీ. తెల్లవారుజామున ఎవరికైనా గుండెపోటు వస్తే అంబులెన్స్ వాడు తాళంచెవి కోసం వాచ్‌మన్‌ను వెతుక్కోవాలి. పైగా గేటు దొంగను ఆపదు, పక్క వీధికి పంపుతుంది. పక్క వీధిలో ఉన్నది అద్దె ఇళ్ళు, గేటుకు చందా వేసుకోలేని వాళ్ళు.

ఆడవాళ్ళు గుంపులుగా నడుస్తున్నారు. గోడవైపు నడవడం, చెంగు మెడచుట్టూ కప్పుకోవడం, బండి చప్పుడు వినిపిస్తే ఆగి వెనక్కి తిరిగి చూడడం, ఇవన్నీ అలవాటైపోయాయి. ఇది జాగ్రత్త అంటే జాగ్రత్తే, కానీ ఒక కాలనీలో సగం మంది తమ వీధిలో తామే ఒదిగి నడవాల్సి రావడాన్ని శాంతిభద్రతలు బాగున్నాయనడానికి లెక్కగా చూపించకండి.

అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది వాట్సాప్ గ్రూపు. మొదట్లో అది బాగానే ఉపయోగపడింది. ఇప్పుడు రోజుకో ఫోటో వస్తుంది: "వీణ్ణి ఎవరైనా గుర్తుపడతారా, రెండుసార్లు మన వీధిలో తిరిగాడు." చూస్తే అడ్రస్ వెతుక్కుంటున్న డెలివరీ కుర్రాడు, లేదా పాత సామాన్లు కొనేవాడు, లేదా కరెంట్ మీటర్ చూసేవాడు. పక్క కాలనీలో ఇలాగే ఒక అబ్బాయిని స్తంభానికి కట్టేసి కొట్టారు. తర్వాత తేలింది ఏమిటంటే అతను ట్యూషన్‌కు వచ్చే పిల్లవాడి అన్నయ్య. 2018 మేలో చాంద్రాయణగుట్టలో ఏం జరిగిందో మీ శాఖకు నేను గుర్తుచేయాల్సిన పనిలేదు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకారు నమ్మి, ఏ పాపమూ ఎరగని ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు చంపేసింది. పట్టుకున్న మనిషిని పౌరులు ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలని నాగరిక్ సురక్షా సంహిత 40 సెక్షన్ చెప్తుంది. మా గ్రూపులో నేను అది పెట్టాను. కింద వచ్చిన జవాబు: "అప్పగిస్తే పోయిందని రాయించుకుని పంపేస్తారు మేడమ్."

ఆ జవాబు తప్పు. నేను వాదించాను. కానీ అందులో ఉన్న అనుభవాన్ని కొట్టిపారేయలేకపోయాను. రాతలో నేరం లేదంటే చట్టం మీద నమ్మకం కరిగి చేతులు లేస్తాయి. ఈ రెంటికీ ఉన్న సంబంధం చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం.

కొందరు మా సంఘంలో పీడీ యాక్ట్, అంటే విచారణ లేకుండానే ఏడాది దాకా ముందస్తుగా నిర్బంధించే చట్టం, పెట్టించమని అడగమన్నారు. నేను అడగడం లేదు. గొలుసు దొంగతనాల కేసుల మీద పెట్టిన ముందస్తు నిర్బంధాన్ని సుప్రీంకోర్టు 2024 మార్చిలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే కొట్టేసింది. శాంతిభద్రతల సమస్యకూ, ప్రజా జీవనానికే భంగం కలిగించే సమస్యకూ తేడా ఉందని చెప్పింది. మామూలు కేసు సరిగ్గా కట్టి, సరిగ్గా సాక్ష్యం చూపించి, శిక్ష పడేలా చేస్తే ఏడాది నిర్బంధం అవసరమే రాదు. ఏడాది తర్వాత బయటికొచ్చినవాడి మీద మళ్ళీ అదే ఫైల్ తిప్పాల్సిన పనీ ఉండదు.

తెంపినవాళ్ళ కంటే కొన్నవాళ్ళ మీద దృష్టి పెట్టమని మాత్రం అడుగుతాను. గొలుసు ఆ రాత్రికే కరిగిపోతుంది. కరిగించే చెయ్యి ఊరిలోనే ఉంటుంది, బండి మీద పారిపోదు. దొంగసొత్తు కొనడమే వృత్తిగా పెట్టుకున్నవాడికి న్యాయ సంహిత 317 సెక్షన్ కింద పదేళ్ళు, యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ప్రెస్ మీట్లలో టేబుల్ మీద బంగారం పరిచి, వెనక మొహానికి ముసుగులు వేసి నిలబెట్టిన కుర్రాళ్ళను చూశాం. కొన్నవాణ్ణి ఆ వరసలో ఎంత అరుదుగా చూశామో!

దొరికిన బంగారం గురించి ఒక మాట. మా వీధిలో ఒకావిడ గొలుసు దొరికింది. సంతోషించాం. అది ఇంకా ఆమె చేతికి రాలేదు, కోర్టు ఆస్తి అంటున్నారు. పంచనామా రాసి, ఫోటోలు తీసి, బాండు తీసుకుని వస్తువు త్వరగా సొంతదారుకు ఇచ్చేయాలని, నెలల తరబడి స్టేషన్‌లో ఉంచకూడదని సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో 2002లోనే చెప్పింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 497 సెక్షన్ కింద దానికి గడువులు కూడా పెట్టారు. ఆ దరఖాస్తు ఎలా వేయాలో స్టేషన్‌లోనే ఒక కాగితం మీద రాసిస్తే చాలు, జనం వకీళ్ళ కోసం వెతుక్కోనక్కర్లేదు.

వీధి దీపాలు, పిచ్చిచెట్లు పెరిగిన ఖాళీ ప్లాట్లు మునిసిపల్ వాళ్ళ పని. వాళ్ళకు వేరే ఉత్తరం రాశాం.

మీ నుంచి మేం కోరేది పెద్ద బడ్జెట్ అడిగే పని కాదు. చేతిలో నుంచి లాక్కున్న ఏ వస్తువుకైనా, అది పాత ఫోన్ అయినా సరే, పోయిందన్న కాగితం తీసుకోకూడదని అన్ని స్టేషన్లకూ ఒక సర్క్యులర్ పంపండి. సీఈఐఆర్‌లో ఎక్కించిన ఫిర్యాదుల్లో కొన్నిటిని తీసి, ఆ మనుషులకు మీ ఆఫీసు నుంచే ఫోన్ చేయించి అడగండి: పడిపోయిందా, ఎవరైనా లాక్కున్నారా? వచ్చే జవాబులతో హైదరాబాద్ మ్యాప్ మీద చుక్కలు పెట్టించండి. అప్పుడు మీ బ్లూ కోల్ట్స్ గస్తీ బండి ఏ వీధిలో, ఏ వేళకు ఆగాలో ఎవరూ ఊహించాల్సిన పనిలేదు. మీ చుక్కలకూ మా వాట్సాప్ గ్రూపులో ఉన్న వీధుల పేర్లకూ పొంతన కుదరకపోతే, ఎందుకు కుదరలేదో మీరే మీ వాళ్ళను అడగవచ్చు.

నేరాల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుందని స్టేషన్ల వాళ్ళు భయపడతారని తెలుసు. పెరిగిన అంకెకు ఎస్‌హెచ్ఓను, అంటే స్టేషన్ అధికారిని, మందలించబోమని సర్క్యులర్‌లోనే ఒక వాక్యం రాస్తే ఆ భయం సగం పోతుంది. మిగతా సగం మీరు ఆ మాట మీద నిలబడితే పోతుంది.

మా వైపు నుంచి, గత రెండేళ్ళలో కాలనీలో జరిగిన సంఘటనల జాబితా తయారుచేశాం. తేదీ, సమయం, చోటు, స్టేషన్‌లో ఏ కాగితం ఇచ్చారన్నది అందులో ఉంది. బాధితుల పేర్లు వాళ్ళ అనుమతి ఉన్నచోటే రాశాం. పనిచేస్తున్న కెమెరాల వివరాలు కూడా జతచేశాం. ఈ లేఖ పత్రికల్లో వచ్చినా జాబితా మాత్రం సీల్డ్ కవర్‌లో మీ కార్యాలయం ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి రసీదు తీసుకుంటున్నాం. మీ అధికారి ఎవరైనా చర్చకు రావాలనుకుంటే ఏ ఆదివారమైనా ఉదయం కమ్యూనిటీ హాల్లో కలుస్తాం. మా సెక్టార్ ఎస్ఐ గారిని కూడా పిలుస్తాం, ఆయన వెనకాల ఈ మాటలు మాట్లాడాలని మాకు లేదు.

ఇట్లు,
ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి,
హైదరాబాద్