దొంగ ఏ వైపు నుంచి వచ్చాడో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నేను కర్నూలులో, కల్లూరు వైపు గ్రిల్స్, గేట్లు చేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. పేపర్లో చోరీ వార్త పడితే రెండు మూడు రోజులు మాకు గిరాకీ ఎక్కువ. ‘పెద్ద గేటు కావాలబ్బా, దొంగ చూసి జడుసుకోవాల’ అంటూ వస్తారు. గేట్లు చేసుకుని బతికేవాణ్ణి, వద్దంటే నాకే నష్టం. అయినా కొలతలకు వెళితే నేను ముందు చూసేది వాకిలి కాదు, ఇంటి వెనక వైపు.

చాలా ఇళ్ళలో అక్కడ నడుము ఎత్తు ప్రహరీ ఉంటుంది. దాన్ని ఆనుకుని బాత్‌రూమ్, దాని కప్పు మీద కాలు పెడితే మిద్దె. మిద్దె మీద మెట్లగదికి పల్చటి చెక్క తలుపు, వేలెడు గడియ. ముందు ఆరడుగుల గేటు పెట్టి వెనక ఇలా వదిలేస్తే దొంగకు అడ్డమేముంది? ఆ డబ్బులో కొంత పెట్టి మెట్లగదికి ఇనుప తలుపు, పెరటి తలుపుకు గ్రిల్ వేయించుకోండని చెబుతాను. కొందరు మెట్లగదిని ఏకంగా వెల్డింగ్ పెట్టి మూసేయమంటారు. అది నేను చేయను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్న ఊరు మనది. బయటి నుంచి తీయరాకూడదు, లోపలి నుంచి చీకట్లో కూడా చేతికి దొరకాలి. గడియ అట్లా పెట్టించుకోవాలి.

గేటే అక్కర్లేదని నేననడం లేదు. పిల్లలున్న ఇల్లు రోడ్డు మీదే ఉంటే, వాకిట్లో బండ్లు నిలిపితే, వీధిలో పందులు, కుక్కలు తిరుగుతుంటే గేటు కావాల్సిందే. దానికి నాలుగైదు అడుగుల ఎత్తు చాలు. కింది నుంచి పైదాకా రేకు కొట్టించుకోకండి. దొంగ లోపలికి దూకాక ఆ రేకు వాడికే చాటవుతుంది. కమ్మీల గేటయితే ఎదురింటి అవ్వకైనా కనబడతాడు. ఈమధ్య ఫోన్లో ఫోటోలు తెచ్చి అడ్డపైపుల డిజైన్ అడుగుతున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అది నిచ్చెన వేసిపెట్టినట్టే. కమ్మీలు నిలువుగా ఉండాలి.

పక్కకు జరిపే గేటు పెట్టించుకునేవాళ్ళకు ఇంకో మాట. పన్నెండడుగుల రేకు గేటు క్వింటా పైనే తూగుతుంది. ట్రాక్ చివర స్టాపర్, పైన పట్టుకునే గైడ్ లేకపోతే అది పట్టాలు తప్పి మీద పడుతుంది. పిల్లలు దాన్ని పట్టుకుని ఊగుతుంటారు. నాలుగు డబ్బులు మిగులుతాయని ఆ రెండూ వద్దనే ఇంటి ఓనర్లను చూస్తే నాకు కోపం వస్తుంది. మోటారు గేటయితే కరెంటు పోయినప్పుడు చేత్తో తీసే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఊరికి పోయేటప్పుడు గేటుకు బయట ఇంత లావు తాళం కప్ప వేలాడేస్తారు. ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవాడికి చెప్పడమే కదా! లోపలి వైపు వేసుకునేలా గేట్లో చెయ్యి దూరే సందు పెట్టిస్తే సరిపోతుంది. మన రాష్ట్ర పోలీసులకు తాళం వేసిన ఇళ్ళ మీద కన్నేసి ఉంచే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ ఉంది. అందులో పేరు నమోదు చేసుకుని, ఊరికి వెళ్ళేముందు చెబితే ఇంట్లో కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. నా గిరాకీల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

మొన్న ఒక కాలనీవాళ్ళు వీధికి రెండు వైపులా గేట్లు కావాలని వచ్చారు. రాత్రి పది దాటితే తాళం వేస్తారంట. లేఅవుట్ రోడ్డు కార్పొరేషన్‌కు అప్పగించిన రోడ్డు, మీ ఇంటి వాకిలి కాదు కదా అన్నాను. అర్ధరాత్రి 108 వస్తే, ఫైరింజన్ వస్తే తాళంచెవి ఎవరి దిండు కింద ఉంటుందో ముందు తేల్చుకోమన్నాను. కార్పొరేషన్ నుంచి కాగితం తెస్తే చేస్తానన్నాను. ఇంకా రాలేదు.

మీకొక విన్నపం. చోరీ వార్తల్లో ఎన్ని తులాలు పోయాయో, బీరువా ఎట్లా పగిలిందో వివరంగా రాస్తారు. దొంగ ఏ వైపు నుంచి లోపలికి వచ్చాడో పోలీసులు చెబితే ఆ ఒక్క వాక్యం కూడా వేయండి. వెనక తలుపని రాస్తే వెనక తలుపు బాగుచేయించుకుంటారు. ఇప్పుడైతే వార్త చదివి గేటు కోసం నా దగ్గరకు వస్తున్నారు.

– గేట్ల షెడ్డు నడిపే ఒక పాఠకుడు, కల్లూరు, కర్నూలు