పైలట్‌కి ఇచ్చిన 48 గంటలు బస్సు డ్రైవర్‌కి ఎందుకు ఇవ్వరు?

సంపాదకుడు గారికి నమస్కారం.

కొత్తగా తయారైన టీకా వేయించుకున్న పైలట్ విమానం నడపొచ్చా అని మొన్న గన్నవరం నుంచి హైదరాబాద్ వెళ్తూ మా పక్కింటావిడ నన్ను అడిగారు. ఆవిడకి భయం వేసి అడిగారు, తప్పేమీ లేదు. కోవిడ్ టీకాలు వచ్చిన కొత్తలోనే దీనికి జవాబు దొరికింది. 2021 మార్చిలో డీజీసీఏ (దేశంలో విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు పైలట్లకీ, విమానంలో పనిచేసే సిబ్బందికీ ఒక సర్క్యులర్ ఇచ్చారు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టి చూడాలి, ఆ తర్వాత 48 గంటలు విమానం డ్యూటీ చేయకూడదు. 48 గంటల తర్వాత కూడా జ్వరమో, ఒళ్లు నొప్పులో ఉంటే డాక్టర్ చూడాలి, ఏ మందూ వేసుకోకుండానే లక్షణాలు లేవని తేలాలి, అప్పుడే డ్యూటీ. డ్యూటీకి పనికిరాని ఆ సమయం 14 రోజులు దాటితే ప్రత్యేకంగా వైద్య పరీక్ష చేయించుకోవాలి.

ఇందులో నాకు బాగా నచ్చింది ‘ఏ మందూ వేసుకోకుండా’ అన్న మాట. ఎందుకంటే పారాసిటమాల్ మాత్ర వేసుకుంటే జ్వరం కొన్ని గంటలు అణిగినట్టు ఉంటుంది, మనిషి బాగానే ఉన్నాననుకుని పనిలోకి దిగుతాడు, మాత్ర పని అయిపోగానే మళ్లీ వణుకు మొదలవుతుంది. ఆ సమయానికి ఆయన ఎక్కడ ఉంటాడన్నదే కదా అసలు సంగతి. అరగంట ఎందుకంటే ప్రాణం మీదకొచ్చే అలర్జీ ఏదైనా ఉంటే ఎక్కువగా ఆ కాసేపట్లోనే బయటపడుతుంది. జ్వరం, తలనొప్పి, నీరసం లాంటివి చాలామందికి ఒకటి రెండు రోజుల్లో వచ్చి పోతాయి, అందుకే 48 గంటలు. అమెరికాలోనూ ఇదే లెక్క. కొత్త మందు ఏదైనా మార్కెట్లోకి వచ్చాక మామూలుగా ఏడాది పాటు ఎలా పనిచేస్తుందో చూసి గానీ పైలట్లని వాడనివ్వని అక్కడి విమానయాన సంస్థ వాళ్లు, 2020 డిసెంబర్‌లో ఫైజర్ టీకాకి అత్యవసర అనుమతి రాగానే మర్నాడే పైలట్లు వేయించుకోవచ్చన్నారు, డోసు తర్వాత 48 గంటలు ఆగాలన్నారు. పైగా విమానంలో ఇద్దరు పైలట్లు ఉంటారు, ఒకరికి బాగాలేకపోతే రెండోవారు దింపగలరు. అయినా సరే ఆ జాగ్రత్త తీసుకున్నారు, మంచి పని చేశారు.

ఇక నేను ఈ ఉత్తరం రాస్తున్న కారణానికి వస్తాను. మా తమ్ముడు విజయవాడ-చెన్నై రూట్లో ఒక ప్రైవేట్ ట్రావెల్స్‌లో నైట్ సర్వీస్ డ్రైవర్. 2021 ఏప్రిల్‌లో, 45 దాటినవాళ్లకి టీకాలు మొదలైన కొత్తలో, పొద్దున పదకొండింటికి మొదటి డోసు వేయించుకున్నాడు. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోంది. ఓనరుకి ఫోన్ చేస్తే టికెట్లు అయిపోయాయి, వేరే మనిషి లేడు, మాత్ర వేసుకుని వచ్చెయ్ అన్నారట. నేను వద్దురా అన్నాను, ట్రిప్పు పోతే జీతం, బత్తా రెండూ పోతాయక్కా అన్నాడు, వెళ్లిపోయాడు. రెండో డ్రైవర్ ఉండాల్సిన బండే, ఆ రాత్రి అతనూ రాలేదు.

చిలకలూరిపేట దాటేదాకా బాగానే ఉందట. మార్టూరు దాటాక చలి పట్టుకుంది, ఏసీ ఆపేసినా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, స్టీరింగ్ మీద చేతులు నిలవడం లేదు, ఎదురొచ్చే లారీ లైట్లు రెండు రెండుగా కనపడుతున్నాయి. క్లీనర్ కుర్రాడు భుజం మీద తువ్వాలు కప్పి, పక్కనే నిలబడి మాట్లాడిస్తూ ఉన్నాడట నిద్రలోకి జారిపోకుండా. చివరికి మేదరమెట్ల దగ్గర బండి పక్కకి ఆపేసి, సీట్లోంచి దిగబోయి మెట్టు మీదే కూలబడ్డాడు. ఒంగోలు నుంచి ఇంకో డ్రైవర్ వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. వెనక నిద్రపోతున్న ముప్పై ఆరుగురిలో సగం మందికి బండి ఎందుకు ఆగిందో కూడా తెలియదు. వాడు ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆపకపోతే?

ఆ నెల జీతంలో ఆ ట్రిప్పు డబ్బులు కోసేశారు.

చట్టం లేదని కాదు. మోటారు వాహనాల చట్టంలో 186వ సెక్షన్ ఉంది, ఒంట్లో బాగాలేదని తెలిసీ బండి నడిపి జనానికి ప్రమాదం తెస్తే డ్రైవర్‌కి జరిమానా, మొదటిసారి 1000 రూపాయల దాకా. నడపమని ప్రోత్సహించినవాళ్లకీ అదే శిక్ష అని 188వ సెక్షన్ చెబుతుంది. కానీ మాత్ర వేసుకుని వచ్చెయ్ అని ఫోన్లో అన్న మాటకి సాక్ష్యం ఎవడు తెస్తాడు? ఇరుక్కునేది డ్రైవరే. పైలట్ విషయంలో అలా వదిలెయ్యలేదు, ‘నువ్వు ఈ 48 గంటలు అన్‌ఫిట్’ అని రాసి ఇచ్చేశారు కాబట్టి, ఆయన ఎవరినీ బతిమాలక్కర్లేదు.

టీకా వద్దని నేను అనడం లేదు, దయచేసి ఎవరూ అలా అర్థం చేసుకోవద్దు. మా ఇంట్లో అందరం వేయించుకున్నాం. 2020 డిసెంబర్‌లో మన కృష్ణా జిల్లాలో టీకాల డ్రై రన్ (నిజంగా టీకా వేయకుండా చేసే రిహార్సల్) పెట్టినప్పుడు ఎంత పద్ధతిగా చేశారో టీవీలో చూసి సంతోషించినదాన్నే. నేను అడిగేదల్లా ఒకటే. రాష్ట్ర రవాణా శాఖ డ్రైవర్ల కోసం ఇలాంటి ఉత్తర్వు ఒకటి ఇవ్వాలి. ప్రైవేట్ ట్రావెల్స్, స్కూలు బస్సులు, లారీలు, అంబులెన్సులు అన్నిటికీ వర్తించాలి. టీకా సర్టిఫికెట్ మీద తేదీ ఉంటుంది కదా, అది చూపిస్తే 48 గంటలు స్టీరింగ్ పట్టనివ్వకూడదు, ఆ రెండు రోజుల జీతం కోయకూడదు. జీతం కోస్తారంటే ఎవరూ చెప్పరు, చెప్పకుండా వేయించుకుని బండెక్కుతారు, లేదా అసలు వేయించుకోవడమే మానేస్తారు. రెండోది కూడా ప్రమాదమే.

ఇంకో కొత్త టీకా వచ్చాక, హడావుడిలో గుర్తొచ్చాక చేద్దామంటే కుదరదు. ఇప్పుడే చెయ్యాలి.

మా తమ్ముడికి ఇప్పుడు షుగర్. ఏటా ఫ్లూ టీకా వేయించుకోమని డాక్టర్ గారు రాసిచ్చి ఐదు నెలలైంది. ఆ చీటీ మా ఫ్రిజ్ మీద అలాగే ఉంది. ఎప్పుడు అడిగినా, ‘వరసగా రెండు రోజులు సెలవు దొరకనీ అక్కా, వేయించుకుంటా’ అంటాడు.

- ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ