చప్పుడు చేస్తే కొత్తది కొనాలా?

సంపాదకులకు,

వేసవి సెలవులు అయ్యి బడులు తెరిచాక కంప్యూటర్ ల్యాబుల్లో ఏటా ఇదే తంతు. నెలన్నరకు పైగా కదలని మిషన్లకు కరెంటు ఇవ్వగానే కొన్ని గరగరమంటాయి, కొన్ని టకటకలాడతాయి. 'పాతబడింది, మార్చాలి' అని కాగితం పైకి వెళ్లిపోతుంది. ఆ కాగితం రాసే ముందు ఒక స్టార్ స్క్రూడ్రైవర్ పట్టుకుని గంటసేపు కూర్చుంటే వాటిలో చాలావరకు బాగుపడతాయి. ఇళ్లలోని కంప్యూటర్లకూ ఇదే మాట.

మొదట స్పీకర్ల ప్లగ్ పీకండి. చప్పుడు ఆగిందా, డబ్బా విప్పే పనే లేదు. ఆగకపోతే పక్క రేకును అరచేత్తో అదిమి చూడండి. అదిమినప్పుడు తగ్గి, వదిలితే మళ్లీ వస్తుంటే రేకు స్క్రూలు వదులై ఉంటాయి, లేదా హార్డ్‌డిస్క్‌ను ఒకవైపు రెండు స్క్రూలతోనే బిగించి వదిలేసి ఉంటారు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ ఆ పల్చటి రేకునంతా మోగిస్తుంది. నాలుగు స్క్రూలూ వేస్తే ఊరుకుంటుంది.

తర్వాత షట్‌డౌన్ చేసి, గోడ ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను అయిదు సెకన్లు నొక్కి పట్టి, ఎడమ రేకు విప్పండి. లోపల వైరు ఏదైనా ఫ్యాన్ రెక్కకు తగులుతోందేమో చూడండి. టరటరమనే చప్పుడుకు తరచూ కారణం అదే, ఒక ప్లాస్టిక్ ట్యాగ్‌తో పోతుంది. ఇప్పుడు రేకు పెట్టకుండానే ఆన్ చేసి, ఈ పత్రికనే సన్నటి గొట్టంలా చుట్టి ఒక కొన చెవి దగ్గర, రెండో కొన రెక్కలకు తగలకుండా ఒక్కో ఫ్యాన్ దగ్గర, ఆ తర్వాత హార్డ్‌డిస్క్ దగ్గర పెట్టి వినండి. అప్పటికీ అనుమానంగా ఉంటే మళ్లీ ఆపి, కేబినెట్ ఫ్యాన్ వైరు తీసి చూడవచ్చు. ప్రాసెసర్ ఫ్యాన్ వైరు మాత్రం తీయవద్దు.

ఉదయం ఆన్ చేయగానే గరగరమని, పది నిమిషాలకు సర్దుకునే ఫ్యాన్‌లో బేరింగ్ ఎండిపోయినట్టు. స్లీవ్ బేరింగ్ (లోపల గుండ్లు లేని సాదా రకం) ఫ్యాన్ అయితే నడిమి స్టిక్కర్ లేపి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురుకట్టి ఫ్యాన్ బిగుసుకుపోతుంది. ఆపి ఉన్నప్పుడు రెక్కలు అటూ ఇటూ ఊగుతుంటే నూనె కూడా దండగే. అదే సైజు, వైరు కొనకు అన్నే పిన్నులున్న కొత్త ఫ్యాన్ కొనండి.

గరగర లేకుండా ఒకటే హోరు ఉంటే ఫ్యాన్‌ను తిట్టి లాభం లేదు. ప్రాసెసర్ కాలిపోతోందని అది పూర్తి వేగంతో తిరుగుతోంది. ఫ్యాన్ కింద ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె, అంటే హీట్‌సింక్, రెక్కల మధ్య దుమ్ము దట్టంగా పేరుకుని ఉంటుంది, పైకి కనిపించదు. ఇంటెల్ కంపెనీ హీట్‌సింకుల్లో చాలావాటికి బోర్డుకు బిగించే నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, వాటిలో ఒకటి లేచినా ఇదే గతి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ తీస్తే ప్రాసెసర్ వేడి దానికి చేరేందుకు మధ్యలో పూసే పాత థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టాలి.

గోడ కరెంటును మిషన్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్, లోంచి చప్పుడొస్తే బయటి నుంచి గాలి కొట్టడం వరకే మీ పని. దాన్ని విప్పవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపల కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

గేమ్ ఆడుతున్నప్పుడో, పేజీని పైకీ కిందికీ జరుపుతున్నప్పుడో మారే సన్నటి 'కీ' శబ్దం బోర్డు మీది తీగచుట్టల (కాయిళ్ల)ది. చెవికి బాధే తప్ప మిషన్‌కు హాని లేదు. ఆన్ చేయగానే బీప్ బీప్ అని, తెర నల్లగానే ఉంటే ముందు ర్యామ్ తీసి, దాని అంచున మెరిసే కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి.

అన్నిటికన్నా భయపడాల్సింది హార్డ్‌డిస్క్ లోంచి ఒకే లయలో వచ్చే టక్... టక్... చప్పుడు. డిస్క్‌ను చదివే హెడ్ చదవలేక మొదటికొచ్చి మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. అలా ఆన్ చేసి ఆపే కొద్దీ లోపలి పళ్లెం మీద గీతలు పడే ప్రమాదం ఉంది. ఫైళ్లు ఇంకా తెరుచుకుంటుంటే ముందు మార్కుల జాబితాలు, ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. తెరుచుకోకపోతే ఆపేసి, డేటా రికవరీ తెలిసినవారికే ఇవ్వండి. 'ఫార్మాట్ కొడితే పోతుంది' అనే షాపులో ఆ డిస్క్‌ను వదిలి రావద్దు.

విద్యాశాఖ అధికారులకు ఒక మనవి. ల్యాబు నిర్వహణ ఒప్పందాల్లో ఏటా మే నెలాఖరుకల్లా దుమ్ము తీయించడం, ఫ్యాన్లు తనిఖీ చేయడం స్పష్టంగా రాయించండి. కేబినెట్ వెనక ఖాళీ స్లాట్లకు రేకులు బిగించడం కూడా అందులో చేర్చండి. బల్లులు దూరేది అక్కడి నుంచే.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, హనుమకొండ