కుగ్లర్ అమ్మగారిని తలుచుకుంటే

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నిన్న గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి ముందు కాసేపు ఆగిపోయాను. డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో అమెరికా నుంచి వచ్చారు. మగ డాక్టరుకు చూపించుకోలేని ఆడవాళ్లకు వైద్యం చేశారు, 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. మన తల్లుల కాన్పులు చూడటమే ఆమె చేసిన ఆరాధన అనిపిస్తుంది నాకు.

మన మందిరంలో వెనక బెంచీలో కూర్చునే అమ్మగారు మోకాళ్ల నొప్పితో రెండు వారాలుగా రావట్లేదు. వెళ్లి చూస్తే బిందెలో సగమే నీళ్లు. నిండుగా పడితే మోయలేరట. రోజుకొకరం వెళ్లి నీళ్లు పట్టి, కాసేపు కూర్చుని, ప్రార్థన చేసి వద్దామా? రేపు నేను వెళ్తాను. ఎల్లుండి నుంచి ఎవరెవరు వెళ్తారో ఇక్కడే చెప్పండి. ఫొటోలు మాత్రం వద్దండీ, ఆమెకు ఇబ్బంది.