గ్లూకోజ్ పొట్లానికే దిక్కులేదు, సీఆర్‌పీ దాకా ఎందుకు?

సంపాదకుడు గారికి,

గర్భిణుల షుగర్ మీద మీ ఆరోగ్యం పేజీలో వ్యాసం వచ్చి పది రోజులైంది. అప్పుడే రాద్దామనుకున్నా, మనవడి జ్వరం, పొలంలో నాట్లు అడ్డం వచ్చాయి. కాన్పు తర్వాత కూడా రక్తంలో సీఆర్‌పీ (సీ-రియాక్టివ్ ప్రొటీన్) లాంటి ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) గుర్తులు ఎక్కువుంటే ముందుముందు డయాబెటిస్ ముప్పు ఉండొచ్చని రాశారు. మంచిదే. కానీ సీఆర్‌పీ పడిశం పట్టినా పెరుగుతుంది, పంటికి చీము పట్టినా పెరుగుతుంది. అదొక్కటే చూసి ఫలానా తల్లికి షుగర్ వస్తుందని చెప్పలేమని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయేది? మా పక్కింటి బాలింత వ్యాసం కత్తిరించుకొని ల్యాబ్‌కు పోయింది. ఆమెకు అప్పటికే జలుబు. రిపోర్టులో ఎక్కువ వచ్చింది, ఇల్లంతా టెన్షన్.

అసలు చేయాల్సిన పరీక్ష ఎప్పటి నుంచో ఉంది. కాన్పైన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం చూడాలి. కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉంది. 140 దాటితే జాగ్రత్త, 200 దాటితే షుగరే. గర్భంతో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత డయాబెటిస్ వచ్చే ముప్పు మిగతావాళ్లకన్నా దాదాపు పది రెట్లని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లెక్కగట్టింది.

నిరుడు మా బిడ్డ ఏడో నెల నుంచి ఇన్సులిన్ పొడిపించుకుంది. డిశ్చార్జి రోజు "షుగర్ పోయిందమ్మా, ఇంక అన్నీ తినొచ్చు" అని పంపేశారు. సరిగ్గా ఆరు వారాలకు బాబుకు సూది వేయించడానికి పోయింది. కార్డులో బాబు గడులన్నీ నింపారు. బల్ల ముందే కూర్చున్న తల్లిని ఎవరూ ఏమీ అడగలేదు. 2017లో సర్కారు బాలింతలకు కేసీఆర్ కిట్ మొదలుపెట్టినప్పుడు సబ్బు నుంచి దోమతెర దాకా లెక్కబెట్టి పెట్టారు గానీ, గ్లూకోజ్ పొట్లం ఎవరికీ తట్టలేదు. ఎముకలు వంగినాక లెక్కలు రాసుకోవడం మన నల్గొండకు కొత్తేం కాదు, ఫ్లోరైడ్ నీళ్ల కాలం నుంచీ ఇదే వరస. సమీక్షలకు, ఫ్లెక్సీలకు మాత్రం కొదవ లేదు. ఫొటోల్లో సార్లందరూ నవ్వుతూనే ఉంటారు.

మొన్న బాబుకు పదో నెలలో మేమే డబ్బు పెట్టి ఆ పరీక్ష చేయించాం. గొంతు దిగకపోతే నిమ్మకాయ పిండుకొని తాగింది. రెండు గంటలకు 168. ఆ కాగితం పట్టుకొని ఆస్పత్రికి పోతే, కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది రాయడానికి ఇందులో గడి లేదన్నారు.

– ఒక తండ్రి, దేవరకొండ, నల్గొండ జిల్లా